మోనో మూలము, స్టీరియో వ్యాఖ్య: తొలి రేడియో ప్రయోగముల చరిత్ర

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేట ఇంచుమించు నడిమి యూరు. పడమట హైదరాబాదునకు సుమారు 135 కిలోమీటర్లు, తూర్పున విజయవాడకు దాదాపు అంతే దూరము. కోదాడ ఇంకను తూర్పుగా విజయవాడకు సమీపించియున్నది. మిర్యాలగూడ రాజమార్గమునకు దక్షిణమున నున్నది. మధ్యతరంగ రేడియో ప్రబలియున్న దశాబ్దములలో ఈ ప్రాంతపు శ్రోతలు రెండు దిక్కుల కేంద్రములకును నడుమ నుండిరి: 738 కిలోహెర్ట్‌జులపై హైదరాబాదు, 837 కిలోహెర్ట్‌జులపై విజయవాడ. ఢిల్లీనుండి చదువబడుచుండిన తెలుగు వార్తలను ఈ రెండు కేంద్రములును ఒకేవేళ పునఃప్రసారము చేయుచుండెడివి.

ఒక యరుగుపై రెండు రేడియో పెట్టెల నుంచి, ఒకదానిని హైదరాబాదునకును రెండవదానిని విజయవాడకును త్రిప్పి ఆ వార్తలను వినినచో స్టీరియో ధ్వని లభించునా? లభించునని తోచుట సహజమే; పెట్టెలు రెండు, చెవులు రెండు. కాని లభింపదు. రెండు పెట్టెలును పలుకునది ఢిల్లీలో ఒక్క మైకు విన్నదానినే. సరిగా నడుమ కూర్చున్నవానికి చదువువారి కంఠము ఏ పెట్టెయు లేని చోటినుండి, రెంటికిని మధ్యనుండి వచ్చినట్లు తోచును. ఒకవైపునకు మూరెడు జరిగినచో కంఠము ఆ పెట్టెలోనికే దూరును. ఒక మాటను ఇద్దరు ఏకకాలమున పలుకుట వేఱు. ఒక దృశ్యమును రెండు చెవులు రెండు విధముల వినుట వేఱు. మొదటిది మోనో, రెండవది స్టీరియో. మొదటిదానిని రెండవదిగా మార్పబూనిన ప్రయోగముల చరిత్ర యంతయు ఈ భేదము చుట్టే తిరుగుచున్నది.

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనదిగా కనబడవచ్చును. ఏలయన ఆ ప్రయోగములు జరిగినది కోపెన్‌హేగను, న్యూయార్కు మొదలగు చోట్లనే కాని తెలుగునాట కాదు. అయినను వాని ఫలము తెలుగువారి ధ్వనిసంపదకు నేరుగా తగులునట్టిది. తెలుగు రేడియో తొలి దశాబ్దములలో పలికిన దంతయు మోనోయే. 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టిన హైదరాబాదు రేడియో, తరువాత దక్కన్ రేడియో యనబడినది, ముఖ్యముగా ఉర్దూలో పలికినను తెలుగునకును కొంత చోటిచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ప్రారంభమయ్యెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట రెండున్నర నెలలకు, డిసెంబరు 1న, విజయవాడ కేంద్రము వెలసెను; అంతవఱకు సంస్థానపు సరిహద్దు గ్రామమువలె నున్న కోదాడకు అది అతి సమీపమైన తెలుగు రేడియో అయ్యెను. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయెను. భారతదేశమున ఎఫ్.ఎం. ప్రసారము 1977 జూలై 23న మద్రాసులో మొదలగువఱకు రెండు మార్గముల ధ్వనిని మోయదగిన సాధనమే ఇచ్చటి రేడియోకు లేదు. కనుక ఆ కాలపు హరికథ, బుఱ్ఱకథ, నాటకము, కర్ణాటక సంగీతము ఏది నిలిచియున్నను ఒకే తీగగుండా నడచిన రూపముననే నిలిచియున్నది. దానిని నేటి వినుకలికి అనువుగా మార్చుటలో ఎంతవఱకు పోవచ్చునను ప్రశ్న పాఠపరిష్కర్తల ప్రశ్నయే కాని యంత్రజ్ఞుల ప్రశ్న మాత్రమే కాదు.

మొదట చెవుల సంగతి. ఎడమవైపున పుట్టిన ధ్వని ఎడమచెవికి ముందుగను, తలను చుట్టి కుడిచెవికి కొంచెము వెనుకగను చేరును. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక ఈ యెడము ఎంత హెచ్చినను సెకనులో పదివేలవ వంతులు ఆఱేడునకు మించదు. కంపనములు హెచ్చిన ధ్వనులకు తల అడ్డుపడి అవతలి చెవికి నీడవంటిది ఏర్పడును. ఈ రెండింటిని బట్టియే మనుష్యుడు దిక్కు తెలిసికొనునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1907లో నిరూపించెను. 

సిద్ధాంతమునకు ముందే ఆచరణ పుట్టినది. 1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమునందు క్లెమాఁ ఆదేర్ అను నతడు ఒపేరా రంగస్థలపు అంచున టెలిఫోను గ్రాహకములను వరుసగా అమర్చి, వేఱుచోట నున్న ప్రేక్షకులకు చెవి కొకటి చొప్పున రెండేసి టెలిఫోను గొట్టములు ఇచ్చెను. గాయకుడు రంగముపై ఇటునుండి అటు నడచుట వారికి వినబడెను. 1925 డిసెంబరులో బి.బి.సి. మాంచెస్టరునందలి హాలే వాద్యబృందపు కచేరీని రెండు వేర్వేఱు ప్రసారిణులపై, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మైకు ధ్వనిని పంపి, స్టీరియోగా వినిపింప యత్నించెను. శ్రోత రెండు పెట్టెలు పెట్టుకొనవలసియుండెను. సూర్యాపేట అరుగు పై రెండు పెట్టెలకును ఈ రెండు పెట్టెలకును రూపములో భేదము లేదు. లోపల ప్రవహించు ధ్వనిలో భేదమంతయు నున్నది. 

1931 డిసెంబరులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ స్టీరియో ధ్వనిముద్రణపు పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. అందులో ఒకే గాడిలో రెండు మార్గములను చెక్కు విధానము మొదలు, రెండు మార్గముల కూడికను తీసివేతను వేర్వేఱుగ నడుపు ఉపాయము వఱకు ఉన్నది. కూడిక, తీసివేత అను ఈ జంటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ మఱల దీనికే వచ్చును. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందమును మూడు మైకులు, మూడు తీగలు, మూడు స్పీకర్ల ద్వారా వాషింగ్టనులోని సభామందిరమున వినిపించిరి. బ్లమ్‌లైన్ 1942లో విమానప్రమాదమున మరణించెను; అతని ఊహలు వాడుకకు వచ్చుటకు ఇంకను పదునైదేండ్లు పట్టెను.

ఇవి యన్నియు నిజమైన స్టీరియో, అనగా మొదటనే రెండు మూడు చెవులతో విన్నవి. మొదట ఒక్క చెవితో విన్నదానిలో పోయిన దేమి? దీనికి ఆర్కెస్ట్రాలను వెదకనక్కఱలేదు. బుఱ్ఱకథ చాలును. నడుమ కథకుడు తంబురాతో నిలుచును; ఇరువైపుల డక్కీలతో ఇద్దరు వంతలు నిలుతురు. ఒకడు హాస్యము చెప్పువాడు, రెండవవాడు రాజకీయము చెప్పువాడు. కథకుడు ముందునకు వచ్చి, వెనుకకు పోయి, ఒకసారి ఇటు తిరిగి హాస్యగాని చేత మాట పలికించును, ఒకసారి అటు తిరిగి రాజకీయము వానిని పలికించును. కథ ఎవరివైపు తిరిగినదో తెలియుట అర్థములో భాగము. 1940ల దశకమున ప్రజానాట్యమండలి ఈ ప్రక్రియను రాజకీయ ప్రచారమునకు మలచినప్పుడు, షేక్ నాజర్ (1920–1997) వంటి కథకులు దానిని పేరెన్నిక కెక్కించినప్పుడు, సూర్యాపేట, హుజూర్‌నగరు, మిర్యాలగూడ తాలూకాలలో సాయుధపోరాటము (1946–51) సాగుచుండినప్పుడు, ప్రభుత్వమును గుఱించిన మాట ఎటునుండి వచ్చుచున్నదో వినువారికి తెలియక పోలేదు. అదే కథను ఒక్క మైకుముందు పాడించినచో ముగ్గురును ఒకరి వెనుక ఒకరు నిలిచినట్లగును. కంఠములలోని భేదము మిగులును, స్థానభేదము మిగులదు. మైకులు మూడు పెట్టినను చివరకు ఒకే తీగలో కలిపినచో ఫల మొక్కటే.

ఇట్లు పోయినదానిని తిరిగి తెచ్చుట సాధ్యమా యను ప్రశ్న 1950ల దశకమున తీవ్రమయ్యెను. రెండు మార్గముల టేపు యంత్రములు స్టూడియోలలో ప్రవేశించినవి. బి.బి.సి. 1958 అక్టోబరు నుండి శనివారపు ఉదయములయందు ఒక మార్గమును రేడియోపైనను రెండవదానిని టెలివిజను ధ్వనిపైనను పంపి ప్రయోగములు చేసెను. అదే సంవత్సరము స్టీరియో గ్రామఫోను రికార్డులు అంగళ్లకు వచ్చెను. కాని రేడియో సంస్థల భాండాగారములు మోనో రికార్డులతో నిండియుండెను. క్రొత్త పెట్టె కొన్నవాడు పాత పాటను వినగోరినప్పుడు ఆ పెట్టె రెండవ నోరు వృథా యగుచుండెను.

ఈ చిక్కునకు శాస్త్రీయమైన తొలి సమాధానములలో ఒకటి డెన్మార్కు రేడియోనుండి వచ్చినది. ఆ సంస్థయందలి ఇంజినీరు హోల్గెర్ లౌరిడ్‌సెన్ 1954లో తన ప్రయోగములను డెన్మార్కు ఇంజినీర్ల పత్రికలో ప్రకటించెను. 1956లో ష్లేగెల్ అను సహచరునితో కలిసి, స్విట్జర్లాండులోని గ్రావెసానో గ్రామమునుండి వాద్యనిర్వాహకుడు హెర్మన్ షెర్హెన్ వెలువరించుచుండిన పత్రికలో విస్తరించి వ్రాసెను. ఉపాయము వినుటకు అతి సరళము. మూలధ్వనిని రెండు స్పీకర్లకును సమముగా పంపవలెను. అదే ధ్వనిని ఇంచుక ఆలస్యముచేసి, ఆ ఆలస్యధ్వనిని ఎడమస్పీకరునందు మూలమునకు కూడవలెను, కుడిస్పీకరునందు మూలమునుండి తీసివేయవలెను. అంతే. ఎడమ: మూలము కూడిన ఛాయ. కుడి: ఛాయ తీసిన మూలము.

ఇందలి ఫలమును లెక్కవేసి చూడవచ్చును. ఆలస్యము సెకనులో పదవ వంతు అనుకొందము. సెకనునకు 10, 20, 30 ఇట్లు పదులుగా పోవు కంపనసంఖ్యలు గల ధ్వనులు ఎడమన రెట్టింపై కుడిన అణగిపోవును. 5, 15, 25 ఇట్లు నడిమి సంఖ్యలవి కుడిన రెట్టింపై ఎడమన అణగును. ఎడమ స్పీకరు ఒక దువ్వెన, కుడిది దాని పళ్ల సందులలో పళ్లుగల మఱియొక దువ్వెన; ధ్వని రెంటిమధ్య చీలి పంచుకొనబడును. ఇంజినీర్లు దీనికి దువ్వెన పేరే పెట్టిరి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1958లో దీనిని పరీక్షించి, వినువానికి ధ్వని విశాలమైనట్లు తోచుటకు ఈ చీలికయే కారణమని గణితరీత్యా వివరించెను.

విశాలమగుట నిజము. స్థాన మేర్పడుట మాత్రము నిజము కాదు. గాయకుని ఆధారషడ్జమము సెకనునకు 140 కంపనములనుకొందము. తారషడ్జము 280, పంచమము 210. అన్నియు పదులే. తంబురా మొత్తముగా ఎడమస్పీకరులోనికి పోవును. శ్రుతిని కొంచెము పెంచి 145 చేసినచో షడ్జము కుడికి దాటును, తారషడ్జము 290 గనుక ఎడమననే యుండును, పంచమము రెంటికి నడుమ వ్రేలాడును. అనగా తంబురా ఎక్కడనున్నదో నిర్ణయించునది తంబురా వాయించువారు కూర్చున్న చోటు కాదు, శ్రుతి. గమకము సంగతి మఱియు వింతగా నుండును. స్వరము కదలుకొలది ధ్వని ఎడమ కుడుల మధ్య ఊగులాడును. పియానోవలె నిలుకడ స్వరములు గల వాద్యములపై ప్రయోగము చేసినవారికి ఈ చిక్కు అంతగా తట్టకపోయినను ఆశ్చర్యము లేదు. మృదంగపు దెబ్బకు పదవవంతు సెకను వెనుక మఱియొక దెబ్బ నీడవలె వినబడును. జర్మను పరిశోధకుడు హెల్మూట్ హాస్ 1949లో చూపినట్లు, ప్రతిధ్వని సెకనులో ముప్పది వేయవవంతుల లోపల వచ్చినచో చెవి దానిని మూలముతో కలుపుకొనును. మించినచో వేఱుగా వినును. వార్తలు చదువు కంఠమునకు ఈ ఆలస్యము పెట్టినచో ప్రతి యక్షరమును రెండుసార్లు వినబడును.

బుఱ్ఱకథను ఈ యంత్రముగుండా నడిపినచో హాస్యగాడు తన చోటికి పోడు. ముగ్గురి కంఠములును ముక్కలై, ప్రతివాని ముక్కలలో సగము ఎడమకును సగము కుడికిని పోవును. ముగ్గురును ఒకే వెడల్పుగల మూడు తెఱలుగా ఒకదానిపై ఒకటి పఱచుకొందురు. లౌరిడ్‌సెన్ దీనిని స్టీరియో యని భ్రమపడలేదు. దిక్కుతెలియని వ్యాప్తిగల ధ్వని యనియే నిర్వచించెను. ఆ నిజాయితీ తరువాతి వ్యాపారులయందు కానరాదు.

అయినను లౌరిడ్‌సెన్ ఉపాయమున ఒక గుణము కలదు, చరిత్రకారులు దీనిని తగినంత మెచ్చుకొనలేదు. ఎడమను కుడిని కూడినచో ఛాయ తనంత తానే కొట్టివేయబడి మూలము, రెట్టింపు బలముతో, అణుమాత్రమును చెడక తిరిగివచ్చును. చేర్చినదానిని పూర్తిగా విడదీయవచ్చును. ఈ గుణము 1961లో గొప్ప ప్రయోజనమును పొందెను. ఆ సంవత్సరము అమెరికా ప్రభుత్వపు నియంత్రణ సంఘము ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారమునకు ఒక పద్ధతిని అంగీకరించెను. జూన్ 1న ప్రసారములు మొదలయ్యెను. అందులో ఎడమ కుడుల కూడికను మునుపటివలె సామాన్యముగా పంపుదురు. తీసివేతను 38 కిలోహెర్ట్‌జుల యెత్తునకు లేపి దాచి పంపుదురు. దానిని విప్పుటకు గుర్తుగా 19 కిలోహెర్ట్‌జులపై ఒక సన్నని నాదము ఉండును. పాత మోనో పెట్టె కూడికను మాత్రమే వినును. కనుక లౌరిడ్‌సెన్ రీతిని స్టీరియోగా మార్చిన పాత రికార్డును ఇట్లు ప్రసారము చేసినచో, మోనో పెట్టెగలవానికి మూలరికార్డే యథాతథముగా చేరును. క్రొత్తపెట్టె గలవానికి మాత్రము వ్యాఖ్య వినబడును. బ్లమ్‌లైన్ 1931లో తలచిన కూడిక తీసివేతల జంట ఇట్లు రేడియోకు ప్రాణమయ్యెను.

అదే 1961లో గ్రామఫోను వ్యాపారము వేఱుదారి త్రొక్కెను. ఆర్.సి.ఎ. సంస్థ ఎన్.బి.సి. రేడియో వాద్యబృందముతో టోస్కానినీ మోనోలో చేసిన రికార్డులను కొన్నింటిని ఎలక్ట్రానిక్ స్టీరియో యను పేర మరల వెలువరించెను. క్యాపిటల్ సంస్థ డ్యుయోఫోనిక్ అను పేరుతో తన మోనో రికార్డులను మార్చెను: ఒకవైపు మంద్రధ్వనులను తగ్గించి, రెండవవైపు తీవ్రధ్వనులను తగ్గించి, రెంటిమధ్య ఇంచుక కాలభేదము పెట్టెను. ఈ రీతిని మార్చినదానిని కూడినచో మూలము తిరిగిరాదు. కాలభేదముగల రెండు ప్రతులు ఒకదానినొకటి కొన్ని చోట్ల పెంచుకొని కొన్ని చోట్ల కొట్టివేసికొని, మూలమున లేని రంగును ధ్వనికి పూయును. పై పెట్టుబడి ఇంతయు తీగలు గొంతులు వేఱుపఱచినట్లు కానవచ్చుటకే. నిజమునకు ఒకే గాయకుని కంఠమున మంద్రము ఒకవైపు, తీవ్రము మఱియొకవైపు చీలిపోవును. అట్ట మీద ‘ఎలక్ట్రానిక్ పద్ధతిని స్టీరియోగా మార్చబడినది’ అని ముద్రించినవారు కొంత మేలు. ఆ ముద్రయు లేక స్టీరియో యని మాత్రమే వేసిన అట్టలు భావిపరిశోధకులకు పెట్టిన ఉరి.

తెలుగు పండితులకు ఈ వివాదము క్రొత్తది కాదు. వస్తువు మాత్రమే క్రొత్తది. పోతన భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరి. ఏ స్కంధము ఎవరిదో గద్యలవలన తెలియును. చదువరి పోతనను పోతనగను, సింగనను సింగనగను చదువును. ఇది పూరణమున ఉత్తమమార్గము. అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున నన్నయ విడిచిపోయినచోటినుండి ఎఱ్ఱన చేసిన పూరణము ఇంతకంటె సూక్ష్మము. అతడు రాజరాజనరేంద్రుని కాలమునకు మూడువందల యేండ్ల తరువాతివాడై యుండియు ఆ కృతిపతికే చెల్లునట్లు, నన్నయ ధోరణి స్ఫురించునట్లు వ్రాసెను. అతుకు కానరాకుండుటయే అతని లక్ష్యము. అయినను పర్వాంతమున పూరించినది తానని చెప్పుకొనకపోలేదు. ఇక లేఖకులు పేరు చెప్పక తాళపత్రములలో జొప్పించిన ప్రక్షిప్తములు మూడవజాతి. వానిని ఏఱుటకే బ్రౌను కాలమునుండి పరిష్కర్తల ఆయువులు ఖర్చగుచున్నవి.

ఈ మూడు తరగతులను ధ్వనికి అన్వయించుట సులభము. లౌరిడ్‌సెన్ విధానమున మూలము గ్రంథమధ్యమున చెడక నిలిచి, వ్యాఖ్య అడుగున వేఱుగా నున్నట్లు. వ్యాఖ్యను తీసివేసినను గ్రంథము మిగులును. అట్టపై మార్పును ప్రకటించి, మోనోప్రతిని కూడ అంగడిలో నుంచినది ఎఱ్ఱన మార్గము. ప్రకటింపక, మోనోప్రతిని మఱుగుపఱచి, మార్చినదానినే మూలముగా చెలామణి చేయుట ప్రక్షిప్తము. వినుటకు ఏది మధురమను ప్రశ్న దీనికి తరువాతిది. మధురమైన ప్రక్షిప్తములు భారత భాగవతములయందును కలవు.

తెలుగునాట ఈ ప్రశ్న ప్రజలముందు నిలిచినది రేడియోలో కాదు, సినిమాహాలులో. ఆఱుమార్గముల ధ్వనితో 70 మిల్లీమీటర్ల చిత్రమును తెలుగులో తొలుత తెచ్చినది 1986 నాటి సింహాసనము. అది మొదటినుండియు అట్లు ఉద్దేశింపబడినది. 1957 మార్చి 27న విడుదలయైన మాయాబజారు అట్టిది కాదు. నలుపు తెలుపులలో, ఒక్క ధ్వనిమార్గముతో పుట్టిన ఆ చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు వేయించి, ధ్వనిని డి.టి.ఎస్. బహుమార్గ పద్ధతికి మార్పించి 2010 జనవరి 30న మరల విడుదల చేసెను. రంగుల యౌచిత్యమును గుఱించి వాదములు చాల జరిగెను. ధ్వనిని గుఱించి తక్కువ. రంగు కంటికి కొట్టవచ్చినట్లు కనబడును, ధ్వనిలో చేసిన మార్పు చెవికి చొచ్చిపోవును గనుక కాబోలు.

నిజమునకు 1957లో తెఱవెనుక ఒక్క స్పీకరు పలికినప్పుడు ప్రేక్షకునికి ఏ కొఱతయు తోచలేదు. లాహిరి పాటలో పడవ తెఱపై ఎటు జరిగిన కంఠము అటు జరిగినట్లే అతడు విన్నాడు. కన్ను చూపినచోటినుండియే ధ్వని వచ్చుచున్నదని చెవి నమ్మును. తోలుబొమ్మలాటలో తెఱవెనుకనుండి పలుకువాని మాట బొమ్మనోటినుండి వచ్చినట్లు తోచుటయు ఈ ధర్మముననే. సినిమాకు కన్ను తోడున్నది. రేడియోకు లేదు. అందుచే మోనోవలన సినిమాలో పోయినది కొంచెమే, రేడియో బుఱ్ఱకథలో పోయినది చాల. మార్పునకు ధనము వెచ్చించినది మాత్రము సినిమాకే. మాయాబజారు విషయమున ఒక్క అదృష్టము: నలుపు తెలుపుల ప్రతి నశింపక ప్రచారముననే యున్నది, వ్యాఖ్య నచ్చనివాడు మూలమునకు పోవచ్చును. ఆకాశవాణి 1954లో ధ్వనిముద్రణల పరివర్తన వినిమయశాఖను నెలకొల్పినది మొదలు భద్రపఱచుచు వచ్చిన మోనో టేపులకును డిస్కులకును ఈ రక్షణ అవసరము. అంకీయరూపమునకు ఎత్తునపుడు తొలి యెత్తుబడి మార్పులేని మోనోగా ఉండవలెను. గరగరలు తీసిన ప్రతి, వెడల్పుచేసిన ప్రతి దానికి వేఱుగా, పేరుతో, తేదీతో ఉండవలెను.

ఇటీవలి యంత్రములు లౌరిడ్‌సెన్ ఊహింపని చోటికి చేరినవి. 2021లో బీటిల్సు బృందపు చిత్రమొకదాని కొఱకు, ఒకే మార్గములో కలిసిపోయిన గిటారును కంఠమును యంత్రాభ్యాసముచే విడదీసిరి. 2022లో అదే పద్ధతిని 1966 నాటి రివాల్వరు రికార్డును మఱల కలిపిరి. ఇది దువ్వెన కాదు. ప్రతి కంఠమును దాని లక్షణమునుబట్టి గుర్తించి వేఱు మూటగా కట్టును. బుఱ్ఱకథ మోనో రికార్డునకు దీనిని ప్రయోగించినచో కథకుని, హాస్యగాని, రాజకీయము వానిని మూడు కంఠములుగా విప్పుట అసాధ్యము కాదు. అప్పుడు ప్రతివానిని తెఱపై బొమ్మను నిలిపినట్లు కావలసినచోట నిలుపవచ్చును.

నిలుపవలసిన చోటేది? అది రికార్డులో లేదు. యంత్రము ఎంత వాడియైనను ఒకే మైకు వినని దిక్కును వినలేదు. హాస్యగాడు కథకుని కుడిచేతివైపు నిలిచెనా, ఎడమచేతివైపు నిలిచెనా యనుట ఆ దళములలో ఆడినవారి నోటనో, చూచినవారి జ్ఞాపకముననో, నాటి ఛాయాచిత్రములందో వెదకవలసినదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఆ కథలు విన్న తరము తరిగిపోవుచున్నది. ఛాయాచిత్రములనైనను జాగ్రత్తగా చూడవలెను. నెగటివును త్రిప్పి ముద్రించినచో ఎడమ కుడి యగును. అట్టిచోట ముందుగా చూడవలసినది కళాకారులను కాదు, వారి వెనుక కట్టిన గుడ్డపైని అక్షరములు సరిగా చదువబడుచున్నవా లేదా యని.